వైపర్ కింద చీటీ

నా ఫియట్‌కి ఎడమ తలుపు బయటినుంచి తెరుచుకోదు.
నేనే లోపల్నుంచి వంగి తీయాలి.
ఎక్కేవాళ్ళకది మర్యాదలా కనిపిస్తుంది.

ఎక్కేవాళ్ళు లేకే మొదలైంది ఇదంతా.

మార్చిలో నలభై చీటీలు రాశాను
పాత కరెంటు బిల్లుల వెనక, నీలం బాల్‌పెన్నుతో:
"పాత బండి ఉన్నవారికి. ఆదివారం పొద్దున ఆరింటికి
సంజీవయ్య పార్కు గోడ పక్కన.
పనేం లేదు. ఊరికే."
చిక్కడపల్లిలో ఒక అంబాసిడర్ వైపర్ కింద పెట్టాను.
మారేడుపల్లిలో టార్పాలిన్ కప్పుకుని
మూడేళ్ళుగా లేవని కాంటెస్సాకి ఒకటి.
రాణిగంజ్‌లో బేరింగుల షాపాయన చదివి, మడిచి,
పళ్ళు కుట్టుకున్నాడు.

మొదటి ఆదివారం హుస్సేన్‌సాగర్ వాసనా, నేనూ.
రెండో ఆదివారం ఒక కానిస్టేబుల్ వచ్చాడు.
ఇక్కడెందుకు ఆపావన్నాడు, బానెట్ ఎత్తమన్నాడు,
లోపలికి చాలాసేపు చూసి
మా మేనమామకి ఇట్లాంటిదే ఉండె, అని వెళ్ళిపోయాడు.
అతన్ని కూడా లెక్కలో రాసుకున్నాను.

మూడోవారం మారుతి ఎనిమిది వందలు ఒకటి
ఇద్దరు కుర్రాళ్ళు వెనకనుంచి తోస్తుంటే వచ్చింది.
స్టీరింగ్ దగ్గర బాలమణి.
వారాసిగూడలో ఇరవై రెండేళ్ళు డ్రైవింగ్ స్కూలు నడిపిన మనిషి.
"సగం పట్నం నేను నేర్పిన హారనే కొడ్తది,
ఆ పాపం కడుక్కుందామని వచ్చిన" అంది.
ఈ పిల్లలెవరంటే, దారిలో దొరికారట.
చాయ్ ఉంటదని చెప్పి తోయించుకొచ్చిందట.
చాయ్ లేదు.
పరిగెత్తి, ప్లాస్టిక్ కవర్లో కట్టించుకొచ్చాను,
వేడికి వేళ్ళు మార్చుకుంటూ.
మా సంఘం పుట్టింది ఆ కవరు ముడి విప్పినప్పుడే అనుకుంటా.

లాలాగూడ నుంచి క్లెమెంట్ తన హెరాల్డుతో చేరాడు.
రిటైరైన గార్డు, నిబంధన లేనిదే నిద్ర పట్టదు.
ఒకటి: ఎవరి బండీ ఎంత పలుకుతుందో అడగరాదు.
రెండు: ఒక్క బండి ఆగితే అన్ని బండ్లూ ఆగాలి.
మూడోది రాయబోతుంటే వాన పడింది.
ఇప్పటికీ రెండే.

జంగయ్య మాత్రం గోడకానుకునే నిలబడేవాడు.
బస్సు డిపోలో ముప్ఫయ్యేళ్ళు బస్సుల కింద పడుకున్న మనిషి.
ఎవరిని చూసీ నవ్వడు, ఇంజన్లని విని నవ్వుతాడు.
"మీదాంట్ల మూడో సిలిండర్ అలిగింది మేడం" అన్నాడొకసారి.
అలిగిందే.
ఐదో వారమో ఆరో వారమో, చెప్పుకొని వచ్చినట్టు అడిగాడు:
"మెంబర్ గావాల్నంటే కారుండాల్నా?"

క్లెమెంట్ నిబంధనల కాగితం వెతికాడు.
అందులో లేదు.
వాన మీద అంత గౌరవం నాకెప్పుడూ కలగలేదు.

నర్సాపూర్ అడవి దాకా వెళ్ళిన రోజు
జంగయ్య నా ఎడమపక్క కూర్చున్నాడు.
నేను గేరు మార్చినప్పుడల్లా
అతని కాలు లేని క్లచ్చును నొక్కుతోంది.
నేను చూడనట్టే ఉన్నాను, అతను నొక్కనట్టే.

దుండిగల్ దాటాక బాలమణి బండి ఆగింది.
రెండో నిబంధన ప్రకారం తొమ్మిది బండ్లూ ఆగాయి.
మేకలు తోలుకుపోతున్న ముసలమ్మ అడిగింది: "పెండ్లా బిడ్డా?"
"ఔ" అంది బాలమణి.
"పిల్లేది?"
బానెట్ చూపించింది.
జంగయ్య అప్పటికే పిల్ల ముక్కు తుడుస్తున్నాడు,
కార్బురేటర్‌లో చెత్త.

బండి దగ్గి, లేచింది.
బాలమణి తన ఎడమ తలుపు తీసి పట్టుకుంది.
"నువ్వు నా బండిల కూసో.
అటుదిక్కు బ్రేకుంది, క్లచ్చుంది.
సగం బండి నీదే, సగం తప్పు గూడ నీదే."

ముందర వాళ్ళు, వెనక నేను.
వెనక అద్దంలోంచి రెండు తలలు,
గేరు మారిన ప్రతిసారీ కొట్లాడుకుంటూ.

నా ఎడమ సీటు మళ్ళీ ఖాళీ.
పోనీలే, ఈ నెల కరెంటు బిల్లు వచ్చింది.
వెనకవైపు తెల్లగానే ఉంది.